పెద్ద చక్రము, ఇరుకు గూడు

ఒకప్పుడు 9వ సంఖ్యతోను ఇప్పుడు 65వ సంఖ్యతోను వ్యవహరింపబడు హైదరాబాదు–విజయవాడ జాతీయ రహదారి, చౌటుప్పలను దాటి, పంతంగి టోలుగేటును వెనుకవైచి, నార్కట్‌పల్లి చేరుటకు ముందు చిట్యాలను పలుకరించి పోవును. భువనగిరి వైపు పోవు దారి యిచ్చటనే చీలును. సికింద్రాబాదు నుండి నల్లగొండ మీదుగా గుంటూరునకు సాగు రైలుమార్గమున నిది యొక స్టేషను. రహదారి నాలుగు వరుసలైనది మొదలు ఈ దారి పొడవునను ఊళ్ల అంచులలో గాలి యంత్రములు, పంచరు దుకాణములు, టైరు అంగళ్లు, అలైన్‌మెంటు షెడ్లు వరుసదీరినవి. పొలమునుండి వచ్చు ట్రాక్టరు, పట్నమునుండి వచ్చు కారు, కోస్తానుండి వచ్చు లారీ ఒకే రేకుల నీడన ఆగు నట్టి చోట ఒక పూట కూర్చున్నవానికి మోటారు బండ్ల రోగములన్నియు చెవినపడును. వానిలో ఇటీవల మిక్కిలి తరచుగా వినవచ్చునది యొకటి కలదు: కారునకు పెద్ద చక్రములు వేయించిన పిమ్మట మలుపులోనో, గుంతలోనో, వెనుక సీటున ముగ్గురు కూర్చున్నప్పుడో టైరు దేనికో ఒరుసుకొని గర్రుమని మ్రోయుట.

ఈ మ్రోతను చిన్నదిగా నెంచువారు పెక్కురు. కొన్ని దినములకు అదే సర్దుకొనునని యనుకొనువారును కలరు. నిజమునకు కొన్ని దినములకు మ్రోత తగ్గుటయు కలదు. అయితే అది తగ్గుట సర్దుకొనుట వలన గాదు. తగులుచున్న చోట రబ్బరో, ప్లాస్టిక్కో అరగిపోవుట వలన. రేడియల్ టైరునకు నేలను త్రొక్కు భాగమున ఉక్కు పట్టీల బలము కలదు గాని, దాని ప్రక్కగోడయందు దారపు పొరలును వానిపై పలుచని రబ్బరును మాత్రమే యుండును. మడ్గార్డు లోయంచు ఇనుము ఆ ప్రక్కగోడను దినమునకు వెండ్రుకవాసి చొప్పున గీచుకొనుచు పోయినను ఒకనాటికి దారము బయటపడక మానదు. దారము బయటపడిన ప్రక్కగోడకు అతుకు లేదు, మందు లేదు. ఆ టైరు పారవేయవలసినదే. నల్లగొండ మండు వేసవిలో, 100 కిలోమీటర్ల వేగము అనుమతింపబడిన రహదారిపై, కుటుంబమంతయు కూర్చున్న కారున అట్టి టైరు పగులుట యనగా నేమో వర్ణింప నక్కరలేదు. కావున ఈ విషయమును సోకు రాయుళ్ల గొడవగా త్రోసిపుచ్చక, మూలమునుండి విచారించుట యుక్తమని నాకు తోచినది.

ఎడ్లబండి చక్రమునకు ఈ బాధ లేదు. అది బండి పెట్టెకు వెలుపల, ఇరుసు కొనయందు, తన త్రోవను తాను తిరుగుచుండును. దాని పైని గూడు లేదు, అది కుడియెడమలకు మరలదు, ఎగయదు, దిగదు. మోటారు కారు చక్రము అట్లు స్వతంత్రము గాదు. ఇనుప రేకు గూటిలో నిముడ్చబడి, స్ప్రింగు ముడుచుకొనినప్పుడు పైకి లేచుచు, సాగినప్పుడు క్రిందికి దిగుచు, ముందరి చక్రమైనచో స్టీరింగుతోపాటు రెండు దిక్కులకును మరలుచు, ఈ మూడు చలనములును ఏకకాలమున జరుగునప్పుడు సైతము చుట్టునున్న ఏ వస్తువును తాకకుండ నుండవలెను. కారును నిర్మించువారు ఈ చలనములన్నింటిని లెక్కించి, ఇంచుమించు చక్రము వెడలగల ఆకాశమంతయు గీచి, దానిచుట్టు గూటిని కట్టుదురు. చక్రము నిలిచియున్నప్పుడు మనకు గూటిలో కానవచ్చు ఖాళీ నిజమైన ఖాళీ కాదు; అది చక్రము కదలుటకు విడిచిన చోటు. పెద్ద చక్రము కొనువాడు ఆ చోటునే కొంత ఆక్రమించుచున్నాడు.

ఎంత ఆక్రమించుచున్నాడో తెలిసికొనుటకు శాస్త్రజ్ఞుడు కానక్కరలేదు. టైరు ప్రక్కన అచ్చొత్తిన అంకెలు చాలును. మన ప్రాంతమున విరివిగా తిరుగు మారుతి స్విఫ్ట్ కారు క్రింది రకములకు 165/80 ఆర్ 14 టైరు వచ్చును. 165 అనగా టైరు వెడల్పు మిల్లీమీటర్లలో. 80 అనగా ఆ వెడల్పున నూటికి ఎనుబది వంతులు ప్రక్కగోడ ఎత్తు, అనగా 132 మిల్లీమీటర్లు. 14 అనగా రిమ్ము వ్యాసము అంగుళములలో, అనగా 355.6 మిల్లీమీటర్లు. రిమ్మునకు పైని ఒక గోడ, క్రింద ఒక గోడ చేర్చినచో మొత్తము వ్యాసము 619.6 మిల్లీమీటర్లు. అదే కారు పై రకములకు కంపెనీవారే 185/65 ఆర్ 15 టైరు నిత్తురు; లెక్క వేసిన దాని వ్యాసము 621.5. రిమ్ము ఒక అంగుళము పెరిగినను మొత్తము చక్రము రెండు మిల్లీమీటర్లయినను పెరుగలేదు. రిమ్ము పెరిగినంత మేరకు ప్రక్కగోడ తగ్గినది. ఇదియే ఈ విద్యకు మూలసూత్రము. రిమ్మును పెంచదలచిన గోడను తగ్గించి, మొత్తము వ్యాసమును యథాతథముగా నుంచవలెను. 195/55 ఆర్ 16 తీసికొన్నను 620.9 మాత్రమే యగును. కాని పదునేడు అంగుళముల రిమ్మునకు 205/50 తొడిగినచో వ్యాసము 636.8 మిల్లీమీటర్లగును, పాతదానికంటె 17.2 ఎక్కువ, ఇరుసునుండి పైకి 8.6 మిల్లీమీటర్ల చోటు పోయినట్లు.

ఎత్తు సంగతి ఇంతమాత్రము తెలిసినవారు మన అంగళ్లలో చాలమంది యున్నారు. తెలియనిదియు, తెలిసినను చెప్పనిదియు నైన సంగతి వేరొకటి కలదు. దానిని ఆఫ్‌సెట్ అందురు. రిమ్ము వెనుక భాగమున ‘ఈటీ’ అను రెండక్షరముల ప్రక్కన ఒక అంకెగా అది చెక్కబడియుండును. రిమ్ము వెడల్పునకు నడిమిగీత ఒకటి గీచి, హబ్బుకు ఆనించి నట్లు బిగించు ముఖము ఆ గీతకు ఎన్ని మిల్లీమీటర్లు వెలుపలిదిక్కున నున్నదో ఆ అంకె చెప్పును. అంకె పెరిగిన కొలది చక్రము లోపలికి పోవును. తగ్గిన కొలది వెలుపలికి వచ్చును. ఉదాహరణమునకు పాత రిమ్ము ఈటీ 45 అనియు, క్రొత్తది ఈటీ 38 అనియు అనుకొందము. టైరు 165 నుండి 205నకు పెరిగిన 40 మిల్లీమీటర్ల వెడల్పు రెండు ప్రక్కలకు ఇరువదేసి పంచుకొనబడును. ఆఫ్‌సెట్ తగ్గిన 7 మిల్లీమీటర్లు చక్రమును వెలుపలికి జరుపును. కావున వెలుపలి గోడ 27 మిల్లీమీటర్లు మడ్గార్డు వైపునకు, లోపలి గోడ 13 మిల్లీమీటర్లు షాకబ్జార్బరు వైపునకు జరిగినవన్నమాట. ఒక్క కాగితమును ఒక్క పెన్సిలును చేతనున్న ఈ లెక్క ఐదు నిమిషముల పని. ఈ ఐదు నిమిషములు పెట్టకపోవుట చేతనే చిట్యాల షెడ్లలో వినబడు ఫిర్యాదులలో అధికభాగము పుట్టుచున్నవని నా నిశ్చయము.

ఒకనాటి ముచ్చట చెప్పెదను. రామన్నపేట దిక్కునుండి వచ్చిన ఒక యువకుడు తన తెల్ల స్విఫ్టును చిట్యాలలోని ఒక షెడ్డు ముందు నిలిపెను. పదునేడంగుళముల నల్లని అల్లాయ్ చక్రములు, 205/50 టైర్లు. పట్నములో ఒక అంగడివాడు ‘ఏమీ కాద’ని చెప్పి అమ్మెనట. మొదట లోపల తగులగా, చక్రమును వెలుపలికి జరుపు స్పేసర్లు వేయించెను. అప్పుడు వెలుపల తగిలినది. వెనుక స్ప్రింగులలో రబ్బరు బఫర్లు పెట్టించెను. ఆవల మడ్‌ఫ్లాపులు తీయించెను. మూడు మార్లు డబ్బు పోసినను మ్రోత పోలేదు. ఇక మడ్గార్డు అంచులు కోయించుకొందునని వచ్చెను.

షెడ్డు నడుపు మేస్త్రీ అయిదు పదులు దాటినవాడు. మునుపు లారీలపై పనిచేసిన చేయి. అతడు రంపమును ముట్టలేదు.

“తమ్మీ, యాడ ఒరుసుకుంటున్నదో నీకెరుకనా?” అని అడిగెను.

“ఎడమ దిక్కు మలిపితే గర్రుమంటదన్నా. నలుగురెక్కితే ఎనుక గూడ అంటుకుంటది.”

“మలిపితే ముందట, ఎక్కితే ఎనుక. రెండు రోగాలున్నయి నీ బండికి, ఒక్కటి గాదు. కోసుడు ఆఖరి మాట. ముందుగాల సూడాలె.”

అటుపిమ్మట జరిగినది నేను దగ్గరగా నిలిచి చూచితిని. మేస్త్రీ ఒక సుద్దముక్కను నీట తడిపి నాలుగు టైర్ల భుజములకును లోపలి వెలుపలి గోడలకును దట్టముగా పూసెను. ఆ యువకుని స్టీరింగు వద్ద కూర్చుండబెట్టి, నన్నును మరి ఇద్దరినిగూడ ఎక్కించి, దుకాణము ముందరి మట్టినేలపై కుడికి పూర్తిగా, ఎడమకు పూర్తిగా త్రిప్పుచు నెమ్మదిగా చుట్లు వేయించెను; ఊరిలోనికి పోవు దారిపై గల స్పీడు బ్రేకరును అడ్డముగా, అనగా ఒక చక్రము ముందు మరియొకటి వెనుక ఎక్కునట్లు, రెండు మార్లు దాటించెను. తిరిగివచ్చిన పిదప టార్చి పట్టుకొని నేలపై వెల్లకిల పండుకొని చూడగా ఎడమ ముందు టైరు వెలుపలి భుజమున సుద్ద నాలుగు వ్రేళ్ల మేర తుడిచిపెట్టుకొని పోయియుండెను. దాని కెదురుగా బంపరు మడ్గార్డును కలియు మూలయందు, స్క్రూ బిగించు చోట, సుద్ద అంటియుండెను. వెనుక రెండు టైర్లకును పైభుజమున మాత్రమే సుద్ద పోయినది. అచ్చటి మడ్గార్డు లోయంచు రంగు పోయి అద్దమువలె మెరయుచుండెను. మేస్త్రీ తన రెండు వ్రేళ్లు టైరు లోగోడకును షాకబ్జార్బరునకును నడుమ దూర్చి చూపెను. స్పేసరు పుణ్యమా యని అచ్చట ఇప్పుడు చోటు మిక్కిలిగా నున్నది. చోటున్న వైపు తగులుట లేదు. చోటు లేని వైపునకు చక్రమును డబ్బిచ్చి జరిపించుకొన్నాడు.

ఈ పరీక్షకు అయిన వ్యయము సుద్దముక్క వెల. చికిత్సలను గూర్చిన ఏ చర్చయైనను దీని తరువాతనే ఆరంభింపదగును. ఏలయనగా తగులు చోటును, తగులు సందర్భమును ఎరుగని చికిత్స యెట్టిదైనను, రోగమును ఒక అవయవమునుండి మరియొక అవయవమునకు త్రోలుట తప్ప వేరు ఫలము నీయజాలదు. స్టీరింగు పూర్తిగా మరలినప్పుడు మాత్రమే తగులునది ఒక జాతి. నిండు బరువున స్ప్రింగు క్రుంగినప్పుడు తగులునది మరియొక జాతి. తిన్నగా పోవుచు ఖాళీ బండియందును తగులునది మూడవది. ఈ మూడవదాని విషయమున చర్చయే లేదు: అట్టి చక్రమును ఆ కారునుండి ఆనాడే విప్పివేయవలెను.

ఇక లోకమున ప్రచారమున నున్న చికిత్సలను ఒక్కొక్కటిగా పరిశీలింతము.

మలుపులో మడ్‌ఫ్లాపుకో, గూటి లోపలి ప్లాస్టిక్ తొడుగునకో తగులుట మిక్కిలి తేలికయైన జాతి. తొడుగు బిగువు సడలి వ్రేలాడుచుండుట చేతనే తగులుచున్నచో క్లిప్పులు మార్చిన చాలును. కొంచెము ఉబ్బుగా నున్నచో వేడిగాలి యంత్రముతో మెత్తబరచి వెనుకకు ఒత్తి చల్లార్చుట కలదు. చేయి తిరిగినవాడు చేసినచో ఇది నిర్దోషమైన పని. తొడుగును మొత్తముగా పీకివేయుట మాత్రము తప్పు. వానకాలపు బురదయు, కంకరయు తిన్నగా రేకుమీదను, తీగలమీదను పడుట కది ద్వారము తెరచును.

స్టీరింగు తిరుగుటను కొంచెము కుదించి, చక్రము తగులు మేరకు పోకుండ ఆపుట మరియొక ఉపాయము. కొన్ని జీపు తరగతి బండ్లకు ఇందుకై మరచీలలే యుండును. మలుపు కొంచెము విశాలమగును, అంతియే. చిన్న కార్లకు ఇది సాధారణముగా పొసగదు.

స్పేసరు మాటకు వత్తము. హబ్బునకును రిమ్మునకును నడుమ పెట్టు ఈ లోహపు పళ్లెము చక్రమును వెలుపలికి జరుపును. కావున లోపలి వైపు, అనగా షాకబ్జార్బరునకో, టై రాడ్డునకో తగులుచున్నప్పుడు మాత్రమే ఇది చికిత్స; వెలుపల తగులుచున్నప్పుడు విషము. లోపల తగులునప్పుడు సైతము దీనికి నియమములు కలవు. అయిదు మిల్లీమీటర్ల పళ్లెము పెట్టినచో నట్టు పట్టు మరలు అయిదు మిల్లీమీటర్ల మేర తగ్గును. పండ్రెండు మిల్లీమీటర్ల బోల్టునకు కనీసము పండ్రెండు మిల్లీమీటర్ల పట్టైనను ఉండవలెనని పనివాండ్ర లెక్క. మారుతి కార్ల మరచుట్టు 1.25 మిల్లీమీటర్లది గనుక, నట్టు చేతితో తొమ్మిది పది చుట్లయినను లోపలికి పోవలెను. నాలుగైదు చుట్లకే బిగిసినచో ఆ బండిని ఎక్కరాదు. మరియు పళ్లెపు నడిమి రంధ్రము హబ్బు కుదురునకు సరిగా కూర్చుండవలెను. సుజుకి హబ్బు 54.1 మిల్లీమీటర్లు, అంగట అందరికిని సరిపోవునట్లు పోతపోసిన అల్లాయ్ రిమ్ముల రంధ్రము ఇంతకంటె పెద్దది. ఆ వెలితిని పూరించు ఉంగరము వేయకున్న చక్రము కేంద్రమున నిలువక ఎనుబది తొంబది వేగమున స్టీరింగు వణకుట ఆరంభించును. బ్యాలెన్సింగు ఎన్ని మార్లు చేయించినను ఆ వణకు పోదు. నట్లలోను తేడా కలదు: హ్యుందాయ్ నట్ల మరచుట్టు 1.5 మిల్లీమీటర్లు. డబ్బాలో కలిసిపోయిన నట్లను వెదకక బిగించి బోల్టులను చెడగొట్టుట నేను చూచితిని.

నిండు బరువున వెనుక తగులుట మన ప్రాంతమున అధికము. పెండ్లికి పోవు కారున అయిదుగురికి తోడు సామాను, యాదగిరిగుట్టకు పోవు కారున ఏడుగురు. ఇందుకు స్ప్రింగు చుట్ల నడుమ దూర్చు రబ్బరు బఫర్లను రోడ్డు ప్రక్కన అమ్ముదురు. అవి బండిని కొంచెము లేవనెత్తునది నిజమే. గాని స్ప్రింగులో కొన్ని చుట్లను పనిచేయనీయక కట్టివేయుట చేత మిగిలిన చుట్లపై భారము పెరుగును, నడక బిరుసెక్కును. బలమైన గుంతలో పడినప్పుడు చక్రము ఎట్లును పైకి పోయి తగులును. స్ప్రింగు పాతదై క్రుంగియున్నచో కంపెనీ స్ప్రింగును మార్చుట దీనికంటె మేలైన పని. పది సంవత్సరములు నడచిన కారున పెద్ద చక్రము తగులుటకు క్రుంగిన స్ప్రింగే కారణమగుట కలదు. టైరునందు గాలి తగ్గియున్నను గోడ ఉబ్బి తగులును. ఈ రెండింటిని చూడక కోతకు దిగరాదు.

మడ్గార్డు లోయంచును మడచుట, అనగా లోపలికి పొడుచుకొని వచ్చియున్న రేకు పెదవిని హబ్బుకు బిగించు ఒక రోలరు యంత్రముతో పైకి నొక్కి చదును చేయుట, ఈ చికిత్సలన్నింటిలో నేర్పరితనము నెక్కువగా కోరునది. పది మిల్లీమీటర్ల వరకు చోటు దీనివలన దొరకును. రేకును ముందుగా వేడిగాలితో వెచ్చబరుపనిచో రంగు పెళ్లలుగా లేచును. ఒక్క మారుగా నొక్కినచో మడ్గార్డు వెలుపలి వంపు అలలువారును. కొన్ని కార్లకు ఆ పెదవి రెండు రేకుల అతుకు. దానిని మడచిన అతుకు సడలి, సందున వాననీరు నిలిచి త్రుప్పు పుట్టును. యంత్రము లేనిచోట సుత్తితోను, చెక్కకట్టెతోను ఈ పని చేయు సాహసికులను చూచితిని. కోయుట యనునది దీనికి తరువాతి మెట్టు. కోసిన రేకు మరల మొలవదు. కోసిన అంచు కత్తివంటిది. ముందు ఒరుసుకొన్న టైరును అది ఇప్పుడు తెగగోయును.

అలైన్‌మెంటు యంత్రముపై చక్రపు వాలును కొంచెము లోపలికి త్రిప్పి, పైభుజము గూటి అంచునుండి తప్పుకొనునట్లు చేయుట మరియొకటి. అర్ధ డిగ్రీ వంటి స్వల్పపు మార్పునకు ఇది పనికివచ్చును. అంతకు మించినచో టైరు లోయంచు కొన్ని వేల కిలోమీటర్లలోనే నున్నబడిపోవును. కార్లకు త్రొక్కుడు గాడి 1.6 మిల్లీమీటర్లకు తగ్గరాదని నియమము. వెలుపల నిలిచి చూచువానికి గాడి నిండుగా కానవచ్చుచు, లోపల దారము తేలియుండుట ఇట్టి బండ్లయందే.

జీపు తరగతి బండ్ల విషయము కొంత వేరు. బొలేరోకు కంపెనీ టైరు 215/75 ఆర్ 15, వ్యాసము 703.5 మిల్లీమీటర్లు, పొలము దారుల కొరకు 235/75 వేసినచో 733.5 అగును. ముప్పది మిల్లీమీటర్ల పెరుగుదలలో పదునైదు ఇరుసునుండి నేలకు లభించును, పదునైదు గూటినుండి పోవును. విశాలమైన గూళ్లును, వెనుక కమాను కట్టలును గల బండ్లు ఈ పెరుగుదలను కొంతవరకు ఓర్చుకొనును. రాతినేలపై ఆ పదునైదు మిల్లీమీటర్లు అక్కరకు వచ్చుటయు నిజము. కాని బండి యెత్తు పెరిగినప్పుడు బరువు కేంద్రము పైకి లేచును, మలుపులో ఒరగుట హెచ్చును, బ్రేకు పట్టుటకు మునుపటికంటె ఎక్కువ బలము కావలసివచ్చును. పొలమునకు మేలైనది రహదారికి మేలు కానక్కరలేదు. ఒకే బండి రెండింటను తిరుగునప్పుడు రహదారి మాటయే వినవలెను, ప్రాణము పోవునది అచ్చటనే గనుక.

తగులకున్నంత మాత్రమున పెద్ద చక్రము నిర్దోషమని యనుకొనరాదు. చుట్టుకొలత పెరుగుటచే స్పీడోమీటరు తక్కువ చూపును. 165/80 ఆర్ 14 స్థానమున 205/50 ఆర్ 17 వేసిన కారున మీటరు చూపుదానికంటె నిజమైన వేగము నూటికి దాదాపు మూడు వంతులు అధికము. గోడ 132 మిల్లీమీటర్లనుండి 102.5కు తగ్గినప్పుడు గుంత దెబ్బను మింగుటకు రబ్బరు తక్కువై రిమ్ము వంగుటయు పగులుటయు సంభవించును. వానకు గుంతలుపడిన ఊరి దారులలో ఇది నిత్యకృత్యము. భారసంఖ్య యని టైరుపై నుండు మరియొక అంకెను మనవారు చూడనే చూడరు: 88 అనగా ఒక్కొక్క టైరు 560 కిలోలు మోయగలదు, 84 అనగా 500 మాత్రమే. కంపెనీ టైరు మోయునంత బరువును మోయలేని సోకు టైరు ఎంత చక్కగా నున్నను కొనదగదు.

శాసనము సంగతియు తెలిసికొనవలసినదే. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ విభాగము, రిజిస్ట్రేషను పత్రమునందలి వివరములు నిర్మాత మొదట పేర్కొన్న వానికి భిన్నమగునట్లు వాహనమును మార్చరాదని చెప్పుచున్నది. 2019 జనవరిలో సర్వోన్నత న్యాయస్థానము కేరళనుండి వచ్చిన ఒక వ్యాజ్యమున ఈ విభాగమును కఠినముగనే వ్యాఖ్యానించినది. అదే సంవత్సరము మార్చబడిన 182-ఏ విభాగము, నిషిద్ధమైన మార్పు చేసిన యజమానికి ఆరు మాసముల వరకు కారాగారమో, ఒక్కొక్క మార్పునకు 5,000 రూపాయల జరిమానాయో, రెండునో విధించుటకు వీలు కల్పించినది. చక్రము మార్చిన ప్రతివాడును నేరస్థుడని నేననుట లేదు. కాని రేకు కోసి, బండి ఎత్తు పెంచి, చక్రమును మడ్గార్డు వెలుపలికి తెచ్చుకొన్నవాడు, ప్రమాదము జరిగి బీమా కంపెనీ సర్వేయరు వచ్చి కొలిచిననాడు, తన వాదమున బలము లేకుండ నిలువవలసివచ్చును.

ఈ చికిత్సలన్నింటిని చూచిన పిమ్మట నా అభిప్రాయము దాపరికము లేకుండ చెప్పెదను. పెద్ద చక్రము కోరుట దోషము కాదు. కష్టించి కొన్న బండిని అందముగా చూచుకొనవలెనను కోరిక గౌరవింపదగినది. అయితే ఆ కోరికకు హద్దును నిర్మాతయే చూపియున్నాడు. అదే కారు పై రకమునకు అతడు ఏ చక్రము నిచ్చెనో అది ఆ గూటిలో, నిండు బరువున, పూర్తి మలుపున తగులకుండ తిరుగునని ముందుగనే పరీక్షింపబడినది. క్రింది రకము కొన్నవాడు ఆ కొలతవరకు నిశ్చింతగా పోవచ్చును. దానిని దాటి ఒక అంగుళము పోదలచినవాడు వ్యాసము మారకుండ, ఆఫ్‌సెట్ కంపెనీ అంకెకు దగ్గరగా నుండునట్లు వెదకి తెచ్చుకొనవలెను. అంతకు మించి పోయి, స్పేసరు, బఫరు, రోలరు, రంపము అను నాలుగింటిని నమ్ముకొనుట తప్పుడు కొలతకు కారు దేహమును బలియిచ్చుటయే.

తెల్ల స్విఫ్టు యువకుడు ఆనాడు మేస్త్రీ మాటకు మనసు నొచ్చుకొన్నట్లే కానవచ్చెను. మూడు మార్లు పోసిన డబ్బు వృథాయయినదను బాధ అతని ముఖమున స్పష్టముగా నుండెను, “ఇంకో దారి లేదాన్నా?” అని రెండు మార్లు అడిగెను. మేస్త్రీ స్పేసర్లు విప్పి అతని చేతిలో పెట్టి, నట్టు ఒకదానిని బోల్టుపై చేతితో త్రిప్పి చుట్లు లెక్కింపజేసెను. పళ్లెముతో ఆరు, పళ్లెము లేక పది. ఆ లెక్క వాదముకంటె బాగుగా పనిచేసినది. కొంతకాలమునకు నేను మరల ఆ దారిన పోవుచు అడుగగా, పదునేడంగుళముల జతను హయత్‌నగర్ దగ్గరి ఆటోనగరున నష్టమునకే అమ్మి, అదే కారు పై రకమునకు వచ్చు పదునైదంగుళముల అల్లాయ్ రిమ్ములకు 185/65 టైర్లు వేయించుకొన్నాడని మేస్త్రీ చెప్పెను. మడ్గార్డులు చెక్కుచెదరక యున్నవి. సుద్ద పరీక్ష మరల చేసిరట. సుద్ద ఎచ్చటను పోలేదు.

కావున చదువరులకు నాదొక్కటే విన్నపము. అంగటిలో రిమ్మును ముందునుండి చూచి మురిసి డబ్బు చెల్లింపకుడు. దానిని నేలపై బోర్లించి, వెనుక చెక్కియున్న వెడల్పును, ఈటీ అంకెను చదివి, కాగితముపై వ్రాసికొని, మీ పాత రిమ్ము అంకెల ప్రక్కన పెట్టి కూడికలు తీసివేతలు చేసికొనుడు. అమ్మువాడు ఆ అంకెలు చూపనిచ్చగింపనిచో లేచి మరియొక అంగటికి పొండు.